ఇంటింటికీ కరివేపాకు మొక్క

పాలరేవు మున్సిపాలిటీ పదకొండో వార్డులో పాత డిపో వీధి అని ఒకటుంది. ఆ వీధిలో ఉండే వరహాలమ్మకి రెండు బలహీనతలు. పక్కింట్లో గొంతు లేస్తే ఆవిడ కాలు ఇంట్లో నిలవదు. ఎదురుగా మైకు కనిపిస్తే ఆవిడ మాట నోట్లో నిలవదు. మొదటి బలహీనత వల్ల వీధికి మేలే జరిగింది. రెండోదాని వల్ల జరిగిన భాగోతమే ఇదంతా.

ముందు మొదటిది చెప్పుకుందాం. పాత డిపో వీధిలో ఏ ఇంట్లోనైనా మగవాడి గొంతు ఒక మోతాదు దాటిందంటే, అది టీవీ కాదని తేలిందంటే, వరహాలమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి చిన్న స్టీలు గిన్నె పట్టుకుని ఆ గుమ్మంలోకి వెళ్లేది.

"అమ్మాయ్, రెండు రెబ్బలు కరివేపాకుంటే ఇస్తావా? పోపు మాడిపోతంది" అనేది.

పోపూ ఉండేది కాదు, మాడటమూ ఉండేది కాదు. జవాబు కోసం ఆగకుండా తిన్నగా వంటింట్లోకి నడిచి గోడకి చేరబడేది. ఆవిడ వెనకే ఎదురింటి మార్తమ్మ వచ్చేది. ఆవిడకీ కరివేపాకే కావాలి. ఆ వెనక మూలింటి జైనబీ, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు వదిలేసి, మెళ్లో టేపు తియ్యకుండానే వచ్చేది. ఆమెకీ అదే. ముగ్గురు ఆడవాళ్లు వంటింట్లో నిలబడి ఈ ఆకు లేతా ముదురా అని తర్జనభర్జన మొదలుపెట్టాక ఏ మగాడు చెయ్యెత్తగలడు? ఎత్తినవాడు కూడా ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తల గోక్కుని, చొక్కా తగిలించుకుని, టీ తాగే వంకతో రోడ్డు మీదికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి వేడి చల్లారేది.

ఇందులో కిటుకంతా అసలు సంగతి ఎవరూ ఎత్తకపోవడంలో ఉంది. ఏం జరిగిందని అడిగితే ఏం లేదనే జవాబు తప్ప రాదు. పైగా "మా ఇంటి విషయం మీకెందుకు" అని మగవాడికి మాట అందించినట్టవుతుంది. కరివేపాకు దగ్గర ఆ తంటా లేదు. అది అప్పు కాదు, కూరలవాడు కొసరుగా పడేసేది. అడిగినవాళ్లకి చిన్నతనం లేదు, లేదన్నవాళ్లకి పరువుండదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో వీధిలో ఎవరికీ తెలియదు. వరహాలమ్మ అత్తగారు కూడా ఇలాగే గిన్నె పట్టుకుని తిరిగేదట.

ఇప్పుడు ఆ గిన్నె అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నది వరహాలమ్మ పక్కింటి కుసుమకి. కుసుమ మొగుడు గంగాధరానికి మెయిన్‌రోడ్డు మీద ఫ్లెక్సుల షాపు ఉంది. ఊళ్లో ఎవరి పుట్టినరోజైనా, ఎవరి వర్ధంతైనా ముఖం తెల్లబరిచి, బుగ్గలు నున్నగా దిద్ది, వెనకాల సూర్యకిరణాలు పెట్టేది అతనే. వీధిలో కనిపిస్తే "నమస్తే పిన్నిగారూ" అని వంగి పలకరిస్తాడు. షాపులో కరెంటు పోతే మాత్రం తప్పు ఇంట్లో ఉన్న కుసుమది. ప్రింటులో రంగు తేలిపోయినా తప్పు ఆ పిల్లదే. ఆ తప్పులన్నిటికీ సాయంత్రం ఇంటికొచ్చి చేత్తో తీర్పు చెప్పేవాడు. గడప దాటితే కాళ్లు విరుగుతాయని కూడా చెప్పి ఉంచాడు. ఒకసారి కుసుమ హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. మీ సమస్య కుటుంబ సమస్య అయితే ఒకటి నొక్కండి, ఇతర సమస్య అయితే రెండు నొక్కండి, మళ్లీ వినాలంటే తొమ్మిది నొక్కండి అంటూ ఉండగానే గంగాధరం వచ్చేశాడు. ఆవేళ కాపాడింది కూడా కరివేపాకే.

ఇలా నడుస్తున్న వీధిలోకి కుటుంబ శాంతి పరిరక్షణ విభాగం వాళ్లు వచ్చారు. కమ్యూనిటీ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. ఆ విభాగం ఉప సంచాలకులు పరాంకుశం గారు వేదికెక్కి ప్రసంగించారు.

"సదరు పదకొండో వార్డు నుంచి మా విభాగానికి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ అందలేదు. ఇందుకు రెండు కారణాలు ఉండవచ్చును. ఇక్కడ హింస లేకపోవడం ఒకటి. మా ఫోను నంబరు ఎవరికీ తెలియకపోవడం మరొకటి. రెండవది అసంభవం. ఎందుచేతననగా సదరు నంబరును మా కార్యాలయం లోపలి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి ఉన్నాము. కావున మొదటిదే వాస్తవం. దీని వెనుకనున్న స్థానిక యంత్రాంగమేమిటో క్షేత్రస్థాయిలో అధ్యయనం చేయగోరుతున్నాము. తెలిసినవారు మైకు వద్దకు రావలసినదిగా కోరడమైనది."

మైకు అనే మాట చెవిన పడగానే వరహాలమ్మ లేచింది. మార్తమ్మ కొంగు పట్టుకుని లాగింది. కొంగు మార్తమ్మ చేతిలో ఉండగానే మనిషి మైకు దగ్గరికి చేరింది.

"ఆయ్, ఏం లేదండీ. మేం కరివేపాకు అడుగుతామండీ."

"కరివేపాకా?"

"ఆయ్. గొడవైన ఇంటికెల్లి రెండు రెబ్బలడుగుతామండీ. అంతే. గొడవాగిపోద్ది."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అనగా కరివేపాకు కదిలిన ఇంట శాంతి నెలకొంటున్నది."

"కరివేపాకు కాదండీ బాబూ, అసలు మేం ఎల్లి..."

అప్పటికే మైకు వందన సమర్పణ చేసే ఆయన చేతిలోకి పోయింది. వరహాలమ్మ ఇంటికొచ్చి, చప్పట్లు ఎంత గట్టిగా పడ్డాయో రెండ్రోజులు చెప్పుకుంది.

విభాగం మాత్రం ఊరుకోలేదు. నిపుణుల్ని పంపించింది. వాళ్లు వీధిలో ఇంటింటికీ వెళ్లి కరివేపాకు వాసన చూశారు. కొందరు మగవాళ్లకి ఆకు వాసన చూపించి, కోపం తగ్గిందా అని అడిగారు. జైనబీ మొగుడికి తుమ్ములొచ్చాయి. తుమ్మేటప్పుడు మనిషికి కోపం రాదని గమనించి రాసుకున్నారు. చివరికి నివేదిక తయారైంది. కరివేపాకు గల ఇంట శాంతి గలదు. లేని ఇంట అశాంతి గలదు. మహిళలు సాయంత్రం వేళ గిన్నెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం కరివేపాకు కొరతకు నిదర్శనం. కొరత తీర్చినచో ప్రతి ఇల్లూ శాంతి విషయంలో స్వయం సమృద్ధి సాధించగలదు.

ఆ విధంగా "ఇంటింటా శాంతిపత్రం" పథకం పుట్టింది. ఒక మంచి ముహూర్తాన లారీ నిండా కరివేపాకు మొక్కలు దిగాయి. ఒక్కో మొక్కకీ మెళ్లో ట్యాగు. పాత డిపో వీధిలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వీధి గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్లాలంటే వంటింట్లోంచే దారి. ఆ పెరట్లో, వంటింటి గుమ్మం ఎదురుగా మొక్క నాటాలని నిబంధన. ఫ్లెక్సులన్నీ గంగాధరమే కొట్టాడు. వాటిలో పరాంకుశం గారు ఆకుల మధ్యలోంచి చిరునవ్వు నవ్వుతుంటారు, తల వెనక సూర్యకిరణాలు. దంపతుల చేత మొక్కలు పట్టించి ఫొటోలు తీశారు. కుసుమ మొక్క పట్టుకుంది. గంగాధరం కుసుమ భుజం పట్టుకున్నాడు. ఆ ఫొటో అందరికన్నా బాగా వచ్చిందని విభాగం క్యాలెండరు మీద వేశారు.

వరహాలమ్మ కూడా సంతోషించింది. ఆవిడ మాట మీద గవర్నమెంటు లారీ కదిలింది, చిన్న సంగతా?

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం గంగాధరం ఇంట్లో కంచం గోడకి తగిలిన చప్పుడైంది. వెంటనే కుసుమ గొంతు. వరహాలమ్మ గిన్నె పట్టుకుని పరుగున వెళ్లింది. గుమ్మంలో గంగాధరమే అడ్డం వచ్చాడు. ఒళ్లంతా చెమట. నవ్వు మాత్రం అతను కొట్టే ఫ్లెక్సుల్లో ఉన్నంత నిండుగా ఉంది.

"ఏం పిన్నిగారూ?"

"రెండు రెబ్బలు కరివేపాకు నాయనా. పోపు మాడిపోతంది."

"అదేంటి పిన్నిగారూ! మీ పెరట్లో మొక్కుంది కదా. గవర్నమెంటోళ్లు ఇచ్చారు కదా. ఆ ఫ్లెక్సులన్నీ కొట్టిందెవరు, నేను కాదూ?"

పుట్టి బుద్ధెరిగాక వరహాలమ్మకి మాట తడబడటం అదే మొదలు. "అదింకా లేతగా ఉందబ్బాయ్..."

"లేతదైతేనే పోపుకి కమ్మగా ఉంటది" అని గంగాధరం ఎంతో మర్యాదగా తలుపేశాడు. లోపల గడియ పడింది.

మార్తమ్మ, జైనబీ అప్పటికే గిన్నెలతో వచ్చి వెనక నిలబడ్డారు. ముగ్గురూ ఖాళీ గిన్నెలతో వీధిలో నిలబడిపోయారు. లోపలి చప్పుళ్లు వినపడుతూనే ఉన్నాయి. తలుపు బాదితే గంగాధరం లోపల్నించే "మీ మొక్కకి నీళ్లు పొయ్యండి పిన్నిగారూ" అని కేకేశాడు.

మర్నాడు పెరటి గోడ మీదుగా కుసుమ కనిపించింది. చెంప నల్లగా కమిలి ఉంది.

"తలుపు తగిలింది పిన్నిగారూ" అంది, ఇటు చూడకుండా.

వరహాలమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. ఆ తలుపు మూయించింది తన నోరే. ఆ రోజు అన్నం సయించలేదు. పెరట్లో మెళ్లో ట్యాగుతో ఏపుగా ఊగుతున్న తన మొక్కని చూస్తే ఒళ్లు మండిపోయింది.

విభాగంలో మాత్రం ఉత్సాహం పొంగిపొర్లుతోంది. కరివేపాకు కొరత తీరింది కాబట్టి ఇక ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. అడిగారంటే పథకం విఫలమైందని అర్థం. పథకం విఫలం కావడానికి వీల్లేదు. కాబట్టి పదకొండో వార్డుని "పత్ర యాచనా రహిత వార్డు"గా ప్రకటించారు. దాన్ని కాపాడ్డానికి పన్నుల విభాగంలో ఖాళీగా ఉన్న కామేశం అనే గుమాస్తాని తెచ్చి, మెళ్లో ఈల వేసి, వీధి మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన హోదా వార్డు యాచనా నిరోధక పర్యవేక్షకుడు. ఏ ఆడమనిషైనా ఖాళీ గిన్నెతో గడప దాటితే కామేశం ఈల ఊదాలి. ఆ మనిషి సిగ్గుపడి వెనక్కి వెళ్లాలి. కామేశం చాలా నిజాయితీపరుడు. మజ్జిగ గిన్నె కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్లిన జైనబీని చూసి కూడా ఊదాడు.

ఇలా కాదని వరహాలమ్మ మంచి చీర కట్టుకుని విభాగం కార్యాలయానికి వెళ్లింది. పరాంకుశం గారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. ఆయన బల్ల మీద, పైఅధికారులతో వీడియోలో మాట్లాడ్డానికి, మెడ వంచుకున్న చిన్న మైకు ఒకటుంది. వరహాలమ్మ దాన్ని చూడకూడదనుకుంది. చూసింది.

"బాబూ, మాకు మొక్కలొద్దండీ. మాకు అడగడం కావాలండీ. అడిగితేనే కదండీ ఆ ఇంట్లోకి ఎల్లేది."

పరాంకుశం గారు కనుబొమలు ముడిచారు. "అనగా మీకు ఇంకా కొరత ఉన్నది. సంకోచించవద్దు. క్షేత్రస్థాయి అవసరాలను గుర్తించడమే మా కర్తవ్యం. కరివేపాకు గాక ఇరుగుపొరుగు నుంచి ఇంకా ఏమేమి అడుగుతుంటారు?"

"ఏదైనా అడగొచ్చండీ. అల్లం ముక్కడగొచ్చు, చింతపండడగొచ్చు. పాలు తోడెయ్యడానికి ఇంత పెరుగడగొచ్చు. ఆఖరికి సూదీదారవైనా..."

మైకు ముందు ఉండటం వల్ల జాబితా కొంచెం పొడుగైంది. పరాంకుశం గారు అన్నీ శ్రద్ధగా రాయించారు. పది రోజుల్లో పాత డిపో వీధిలో ఇంటింటికీ "శాంతి కిట్టు" అందింది. అందులో అల్లం, చింతపండు, పెరుగు పొట్లం, సూదీదారం, ఇంగువ, అగ్గిపెట్టె, ఇంకా వరహాలమ్మ ఆ పూట ఏమేం పలికిందో అవన్నీ ఉన్నాయి. కిట్టు సంచీ మీద గంగాధరం కొట్టిన అక్షరాలు: ఇక ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

మార్తమ్మ ఆ సంచీ తెచ్చి వరహాలమ్మ కాళ్ల దగ్గర పెట్టింది.

"ఒదినా, నీకో దణ్ణం. ఇంకేవన్నా మిగిలుంటే అయి కూడా చెప్పెయ్. అగ్గిపెట్టె దాకా మూసేశావు. ఇంక ఆ పిల్లింట్లోకి ఏం వంక పెట్టుకుని ఎల్తాం?"

మార్తమ్మ అన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఆ సాయంత్రం కుసుమ ఇంట్లోంచి మళ్లీ గొంతు లేచింది. వరహాలమ్మ కుసుమ గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. చేతిలో గిన్నె ఉంది, నోట్లో వంక లేదు. కామేశం ఈల ఊదాడు.

ఆవిడ వెనక్కొచ్చి, ఏం చెయ్యాలో తోచక, పొయ్యి మీద ఉడికిన అన్నం వార్చింది. పొగలు కక్కే గంజి గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి ఎదురుగా ఆ మొక్క కనిపించింది. మెళ్లో ట్యాగు, ట్యాగు మీద పరాంకుశం గారి చిరునవ్వు. గంజి మొత్తం దాని మొదట్లో దిమ్మరించింది. ఆవిడ ఆలోచించి చేసిన పని కాదది. కోపం ఎక్కడో అక్కడ పొయ్యాలి కదా, అక్కడ పోసింది.

పొద్దున్న లేచి చూస్తే మొక్క తలవేలాడేసింది. మూడోనాటికి ఎండి కట్టెపుల్లైపోయింది. వరహాలమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత మార్తమ్మ ఇంటికి వెళ్లి చెవిలో ఏదో చెప్పింది. మైకు లేకుండా, గొంతు పెంచకుండా ఆవిడ మాట్లాడటం వీధిలో అదే మొదటిసారి. మార్తమ్మ జైనబీకి చెప్పింది. జైనబీ జాకెట్లు ఇవ్వడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్పింది.

చివరికి వరహాలమ్మ పెరటి గోడ దగ్గరికొచ్చి కుసుమని పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, నీ మొక్కకి మాత్రం రోజూ పుల్లమజ్జిగ పొయ్యి. బియ్యం కడిగిన నీళ్లు పొయ్యి. దాన్ని ఎండనిచ్చావంటే నామీదొట్టే."

కుసుమ గోడవతల ఎండిన మొక్కని చూసింది. వరహాలమ్మ చేతిలో గంజి గిన్నెని చూసింది. కమిలిన చెంప మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"అలాగే పిన్నిగారూ" అంది.

వారం తిరిగేసరికి పాత డిపో వీధిలో కరివేపాకు మొక్కలన్నీ ఎండిపోయాయి, ఒక్క గంగాధరం ఇంట్లోది తప్ప. అది మాత్రం పుల్లమజ్జిగ తాగి నవనవలాడుతూ కిటికీ ఎత్తు పెరిగింది. విభాగంలో గగ్గోలు పుట్టింది. మొక్కల డాక్టర్లు వచ్చి మట్టి తీసుకెళ్లారు. అంతుచిక్కని తెగులన్నాడొకాయన. ప్రజల్లో మొక్క పట్ల యాజమాన్య భావన కొరవడిందన్నాడు ఇంకొకాయన. ఇంతలో పథకం ఘనత చూడ్డానికి రాజధాని నుంచి పెద్ద బృందం వస్తోందని కబురొచ్చింది. పరాంకుశం గారికి రక్తపోటు పెరిగింది. ఆయనకి చూపించడానికి బతికున్న మొక్క ఒకటి కావాలి, దాని పక్కన నవ్వే మనిషి ఒకడు కావాలి. గంగాధరం ఇంట్లో రెండూ దొరికాయి.

ఆ విధంగా గంగాధరానికి "ఆదర్శ శాంతి గృహస్థు" బిరుదు ఖాయమైంది. కమ్యూనిటీ హాల్లో సభ. గంగాధరం తన ఫ్లెక్సు తనే కొట్టుకున్నాడు, హాలంత పొడుగు. సూర్యకిరణాలు చాలక వెనక ఒక నెమలిని కూడా పెట్టాడు. కుసుమని కూడా తీసుకురమ్మన్నారు కాబట్టి గడప దాటనిచ్చాడు. పరాంకుశం గారు శాలువా కప్పి ప్రసంగించారు.

"ఏ గృహమందు ప్రశాంతత గలదో ఆ గృహమందే శాంతిపత్రం వర్ధిల్లును. తక్కిన గృహములందు ఎందుకు ఎండినదన్న విషయమై ఆయా గృహస్థులు ఆత్మపరిశీలన చేసుకోవలసి ఉన్నది. ఇప్పుడు లబ్ధిదారుల తరఫున వరహాలమ్మ గారు రెండు మాటలు..."

ఈసారి మార్తమ్మ కొంగు పట్టుకుని లాగలేదు. వెనక నుంచి ముందుకి తోసింది.

వరహాలమ్మ మైకు ముందు నిలబడింది. రాజధాని బృందాన్ని చూసింది. శాలువాలో గంగాధరాన్ని చూసింది. వెనక వరసలో తల దించుకు కూర్చున్న కుసుమని చూసింది. మొట్టమొదటిసారి, నోరు తెరిచేముందు ఆగి ఆలోచించింది.

"ఆయ్, అందరికీ దణ్ణాలండీ. మా గంగాధరం చెయ్యి చల్లని చెయ్యండి. ఆ చెయ్యి సంగతి మా ఈధంతా ఎరుగుదుమండీ. మా మొక్కలన్నీ సచ్చిపోయాయి, ఆరిది బతికింది. మా ఇళ్లల్లో శాంతి లేకుండా పోయింది బాబూ. అందుకని ఆరి మొక్కాకు రోజూ మాక్కూడా రెండు రెబ్బలు ఇప్పించాలండీ. ఏ ఏళకి ఎవరింట్లో అశాంతి పుట్టుద్దో చెప్పలేం కదండీ. కాబట్టి తలుపు తీసే ఉంచమని ఆర్డరెయ్యాలండీ."

రాజధాని బృందంలో పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పరాంకుశం గారు వేదిక మీదే పులకించిపోయారు. అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు. సదరు మొక్కను పదకొండో వార్డు మాతృవృక్షంగా గుర్తించడమైనది. వీధిలోని ప్రతి గృహిణి ఏ వేళనైనను సదరు మాతృవృక్షము నుంచి స్వయంగా రెండు రెబ్బలు స్వీకరించవలెను. ఆదర్శ గృహస్థు తలుపు మూయరాదు. తలుపు గడియ తొలగించు బాధ్యత మున్సిపాలిటీది.

"మా తలుపులు ఎల్లవేళలా తెరిచే ఉంటాయని గంగాధరం గారు మాటివ్వాలి" అన్నాడు పెద్దాయన. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. గంగాధరం ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా కెమెరా ఎదురుగా ఉంది కాబట్టి నవ్వాడు. మాటిచ్చాడు. ఆ మాట కూడా ఫ్లెక్సెక్కింది, అతని ఇంటి ముందే కట్టారు.

ఆ రోజు నుంచి గంగాధరం బతుకు చూడాలి. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే పక్కనుంచి మార్తమ్మ గిన్నెతో పెరట్లోకి పోయేది. అన్నానికి కూర్చుంటే జైనబీ వచ్చి కంచం దాటుకుని పోయేది. కామేశానికి కొత్త ఉత్తర్వు అందింది. ఖాళీ గిన్నెతో వెళ్లేవాళ్లని చూసి కాదు, వెళ్లనివాళ్లని చూసి ఈల ఊదాలి. నిజాయితీపరుడు కదా, ఏ ఇల్లాలైనా సాయంత్రం గడప దాటకపోతే ఆ ఇంటి ముందు నిలబడి ఊదేవాడు. పోపు పెట్టని రోజు కూడా వెళ్లి రెబ్బ తుంచుకు రావలసి వచ్చేది.

ఒక సాయంత్రం షాపులో కరెంటు పోయింది. గంగాధరం ఇంటికొచ్చి, పాత అలవాటు కొద్దీ గొంతు లేపాడు. లేపి ఇంకా దించనే లేదు, వరహాలమ్మ వంటింట్లో గోడకి చేరబడి ఉంది. వెనకే మార్తమ్మ. వెనకే జైనబీ, టేపుతో సహా. ఆ వెనక వీధి వీధంతా గిన్నెలు. ఇల్లు పట్టక కొందరు వీధి అరుగు మీద నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆకు లేతా ముదురా అని మాత్రం మాట్లాడుకున్నారు. గంగాధరం చొక్కా కోసం చూస్తే అది ఒంటి మీదే ఉంది. అలాగే బయటికి నడిచాడు. గుమ్మం మీద ఫ్లెక్సులో అతను శాలువాతో నవ్వుతున్నాడు.

కుసుమ రెబ్బలు తుంచి గిన్నెల్లో వేస్తూ ఒక్కసారి ఫక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వుతుందని కూడా వీధిలో చాలామందికి అప్పుడే తెలిసింది. వరహాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, పొగ అంది. పొయ్యి వెలిగించి లేదు.

కథ ఇక్కడ ముగిస్తే బాగానే ఉండేది. కానీ విభాగాలకి మిగులు నిధులుంటాయి. ఎండిన మొక్కల స్థానంలో మేలు రకం మొక్కలు, అంతకన్నా మొండివి, నాటాలని పరాంకుశం గారు తీర్మానించారు. ఒక ఆదివారం పొద్దున్నే లారీ మళ్లీ వీధిలోకి వచ్చింది. మొక్కలు దింపారు. ట్యాగుల మీద కొత్త చిరునవ్వు.

"ఇక ఈ వీధిలో ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లనక్కర్లేదు. మాతృవృక్షానికి విశ్రాంతి కల్పించడమైనది" అని పరాంకుశం గారు మైకులో ప్రకటించి, మైకు వరహాలమ్మకి అందించారు. "సంతోషాన్ని రెండు మాటల్లో వ్యక్తపరచవలసినది."

వరహాలమ్మ మైకు చేతిలోకి తీసుకుంది. నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. దణ్ణం పెట్టి మైకు తిరిగి ఇచ్చేసింది. గంగాధరం తన గుమ్మంలో నిలబడి, తీసేసిన గడియ ఉండే చోట వేలితో తడుముతున్నాడు.

లారీ వెళ్లిపోయింది. ఆడవాళ్లంతా కొత్త మొక్కలు చంకన పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు గంగాధరం పక్కనుంచి కుసుమ వచ్చింది. అతన్ని అడగలేదు, అతని వైపు చూడలేదు. గుడ్డతో పట్టుకున్న పెద్ద గిన్నెతో గడప దాటి, మెట్లు దిగి, వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది.

"పిన్నిగారూ, గంజి ఏమన్నా కావాలా?" అంది. "ఇప్పుడే వార్చాను. బాగా వేడిగా ఉంది."